ఉత్త నీళ్ల ట్యూబు

2,504వ రోజు, మొదటి షిఫ్టు

ఉత్త నీళ్లకు మసక జ్వరం వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఈ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

గనిలో ప్రతి షిఫ్టు వాళ్లూ పోయేముందు జరిగిందంతా రాసి, వచ్చేవాళ్లకు అప్పగించాలి. ల్యాబులో వచ్చేదీ నేనే, పోయేదీ నేనే. సుగుణ రాస్తుంది, సుగుణ చదువుతుంది. ఏడేళ్లుగా నాకు నేనే అప్పగించుకుంటున్నాను. రాయకపోతే మేనేజరు నరహరి సార్ ఊరుకోడు. పైన మసక జ్వరం చల్లారేదాకా మేం రెండు వందల పద్నాలుగు మందిమి ఈ బొగ్గు గనిలోనే ఉండాలి, ఉన్నన్నాళ్లూ గని పద్ధతులే నడవాలి అని ఆయన పంతం.

ఈ పూట ఇరవై మంది ముక్కు పుల్లలు మిషనులో పెట్టాను. పనేమీ బ్రహ్మవిద్య కాదు. ముక్కులోంచి తీసినదాంట్లో మసక తాలూకు జన్యువు ఒక్క తునక ఉన్నా చాలు, మిషను దాన్ని వేడి చేసి చల్లార్చి రెండు చేస్తుంది. మళ్లీ వేడి చేసి నాలుగు. అలా నలభై సార్లు. రెండు గంటల్లో ఆ ఒక్కటీ కోట్లకు కోట్లయి, ట్యూబు పచ్చగా వెలుగుతుంది. వెలిగితే పేరు ఎదురుగా 'ఉంది' అని రాస్తాను, లేకపోతే 'లేదు'. ప్రతిసారీ చివర్న ఒక ట్యూబులో ఎవరి పుల్లా ముంచకుండా ఉత్త నీళ్లు పోస్తాను. అది వెలగకూడదు. వెలిగిందంటే తప్పు మనుషుల ముక్కుల్లో లేదు, నా బల్ల మీద ఉందని అర్థం.

ఇవాళ అది పచ్చగా వెలిగింది.

చెయ్యి తగిలి ఉంటుందిలే అని ఇంకోసారి పెట్టాను. వెలిగింది. నీళ్లు మార్చి, కొత్తగా కాచి చల్లార్చినవి పోశాను. అవీ వెలిగాయి. ఎవరికీ చెప్పలేదు. భయమేసింది.

2,505వ రోజు, మొదటి షిఫ్టు

భయం ఎందుకో దాచుకోవడం దేనికి? నా పుస్తకం నేనే కదా చదివేది.

వరుసగా మూడుసార్లు 'ఉంది' అని వచ్చినవాళ్లను మూడో లెవెల్‌కు దింపుతాం. గుండు గీయించి, కట్టుబట్టలు కాల్చేసి, కొత్త బట్టలతో లిఫ్టు ఎక్కిస్తాం. మేముండేది రెండో లెవెల్. కిందికి తిండి దిగుతుంది, పుల్లలు దిగుతాయి. పైకి వాడిన పుల్లలు తప్ప ఇంకేమీ రావు. ఎక్కాలంటే మళ్లీ వరుసగా మూడుసార్లు 'లేదు' రావాలి. ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఇప్పుడక్కడ పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో మా అక్క కొమురమ్మ ఒకతె. క్యాంటీన్‌లో వంట చేసేది. పద్నాలుగు నెలల కిందట ఆమె పేరు ఎదురుగా మూడో 'ఉంది' రాసింది ఈ చెయ్యే. ఆ రోజు ఆమెకు జ్వరం లేదు, ఈ రోజుకీ లేదు. "మసకొస్తే కండ్లకు మబ్బులు గమ్మాలె గదనే. నాకు సూదిల దారం ఒక్కపాలికే ఎక్కుతున్నది" అంది లిఫ్టు దగ్గర. మిషను అబద్ధం చెప్పదక్కా అన్నాను. ఎంత పొగరుగా అన్నానో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రోజూ షిఫ్టు మొదట్లో కిందికి ఫోన్ చేసి మాట్లాడతాను. ఇవాళ అక్క చెప్పిన మొదటి మాట, "పాదాలు మునుగుతున్నయే సుగుణా."

పరుగున నరహరి సార్ దగ్గరికి పోయాను. ఆయనకు ముందే తెలుసు. ఊట నీళ్లు తోడే రెండు పంపుల్లో ఒకదాని మోటారు కాలిపోయింది. మిగిలిన ఒక్కటీ రెండో లెవెల్‌కే సరిపోతుంది. మూడో లెవెల్ కప్పు దాకా మునగడానికి పది రోజులు.

"మరి వాళ్లను పైకి తేవాలె గద సార్!"

"'ఉంది' అన్నోళ్లను రెండొందల మంది నడుమకు ఎట్ల తెమ్మంటవ్? తేవద్దని నీ పుస్తకమే చెప్తున్నది." ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయి ఎన్నాళ్లయిందో. "ఒక్కొక్కరి ముంగట 'లేదు' అని చూపెట్టు, మూడు సార్లు గూడ అక్కర్లేదు, ఒక్కసారి చాలు. నేనే పోయి చెయ్యి పట్టుకొని తెస్త."

అప్పుడైనా నీళ్ల ట్యూబు సంగతి చెప్పాల్సింది. చెప్పకుండా వచ్చేశాను.

2,506వ రోజు, మొదటి షిఫ్టు

పదకొండు పుల్లలూ తెప్పించి పెట్టాను. ఎనిమిది వెలిగాయి. నీళ్లదీ వెలిగింది, కాబట్టి వెలగని మూడింటి 'లేదు' కూడా చెల్లదు. బల్ల సబ్బుతో రుద్దాను, చుక్కలు కొలిచే పిప్పెట్లు ఉడికించాను, గది గోడలు కూడా కడిగాను. మళ్లీ పెడితే తొమ్మిది వెలిగాయి. నీళ్లదీ షరా మామూలే.

అప్పుడు కూర్చుని ఆ పదకొండు పేర్లూ చదివాను. ఇన్నాళ్లూ కళ్లు ఎక్కడ పెట్టుకున్నానో గానీ, పదకొండులో ఎనిమిది మంది క్యాంటీన్ వాళ్లు. మిగతా ముగ్గురు ల్యాబు ఊడ్చినవాళ్లు. క్యాంటీన్‌లో జ్వరం అంటుకుంటోందని నెల రోజులు పొయ్యి ఆర్పించి అందరికీ నానబెట్టిన అటుకులు తినిపించిన మహానుభావురాలిని నేను. ఈ పదకొండు మందినీ కలిపేది అన్నం కాదు. నా ట్యూబులు.

మూడో ఏట కొత్త ట్యూబులు అయిపోవచ్చాయి. పారేయడం దేనికి, కడిగి వాడుకుందాం అన్నాను. ఆ తెలివి నాదే. పరీక్ష అయ్యాక మూతలు తీసి, ఒంపేసి, క్యాంటీన్‌కు పంపేదాన్ని. వాళ్లు పెద్ద గంజు గిన్నెలో పోసి, బియ్యం కడిగినట్టు కలియబెట్టి కడిగి, ఉడకబెట్టి, బట్ట మీద ఆరబోసేవాళ్లు. ఆ ఏడాది నరహరి సార్ నన్ను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. అక్క బెల్లమన్నం వండింది. రెండు గిన్నెలు తిన్నాను.

వెలిగిన ట్యూబు ఒక్కటి మూత తీస్తే చాలు. అందులోని కోట్ల జన్యు నకళ్లలో కాసిని గాలిలో లేస్తాయి. ఉడికిస్తే జ్వరం చస్తుంది, నిజమే. నకలు చావదు. దానికి ప్రాణమే లేదు, ఇక చచ్చేదేముంది? బ్లీచింగ్ పొడి అయితే తుడిచిపెట్టేది, అది రెండో ఏడే అయిపోయింది. నాలుగేళ్లుగా నకళ్లు గంజుల్లో, బట్టల్లో, కడిగినవాళ్ల చేతుల్లో, ముక్కుల్లో చేరుతూనే ఉన్నాయి. నేను వాళ్ల ముక్కుల్లో పుల్ల పెట్టి, నా మిషను చేసిన నకళ్లనే మళ్లీ పట్టుకుని 'ఉంది' అని రాశాను. వాళ్లు కిందికి దిగాక వాళ్ల ముక్కులు శుభ్రపడ్డా, పుల్లలు నా గదికొచ్చి మైలపడ్డాయి. నీళ్ల ట్యూబుకు పోయగానే మూత పెడతాను కనక ఇన్నాళ్లూ అది తప్పించుకుంది.

అక్కకు మసక లేదు. ఎప్పుడూ లేదు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

2,507వ రోజు, రెండో షిఫ్టు

చెప్పేశాను. నరహరి సార్ అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. చాలాసేపు కుర్చీ చేతుల మీద గోళ్లతో గీస్తూ కూర్చుని, "పద్నాలుగు నెలలు" అన్నాడు. అంతే.

తర్వాత అడిగాడు, "ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె? అక్క కోసం చెప్తున్నవని అంటరు జనం."

ఆ మాటా నిజమే. నమ్మకం కలగాలంటే శుభ్రమైన చోట పరీక్ష చేయాలి. ఆఫీసులో చేశాను, నీళ్ల ట్యూబు వెలిగింది. పంపు గదిలో చేశాను, వెలిగింది. నేను ఎక్కడికి పోతే అక్కడికి నా జుట్టు, నా చీర, నా పిప్పెట్టు వస్తాయి. ఈ లెవెల్ మొత్తం నా ల్యాబే అయిపోయింది. నేను పడుకునే గది తలుపు గడియ తుడిచినా వెలుగుతుంది.

ఇవాళ అన్నం ముందు కూర్చుంటే బుర్రలో వెలిగింది. నా గది నుంచి ఒక్క వస్తువు కూడా పోని చోటు ఈ గనిలో ఒక్కటే ఉంది. పుల్లలు, బియ్యం రెండూ స్టోరు నుంచి నేరుగా దిగుతాయి, వంట వాళ్లే చేసుకుంటారు. దిగిన మనుషులకు గుండ్లు గీశాం, బట్టలు కాల్చాం, ఆ పైన నెలల తరబడి ఊట నీళ్లలో స్నానాలు. అందరికంటే మైల అని మేం వెలివేసిన ఆ మూడో లెవెలే అన్నింటికంటే శుభ్రం.

రెస్క్యూ గదిలో సీలు తీయని పెట్టె ఒకటి ఉంది. చేతిలో పట్టేంత మిషను, పిప్పెట్టు, పరీక్ష మందు, పదహారు కొత్త ట్యూబులు. ఆపదకు దాచినది, ఆఖరుది. దాన్ని కిందికి దింపాలి. పరీక్ష నేను చేయకూడదు, వాళ్లే చేసుకోవాలి.

"ఎవలు చేస్తరు? వంటోళ్లా?" అన్నాడు సార్.

"అవును, వంటోళ్లే" అన్నాను. నాకు కోపమొచ్చింది. వాళ్లకున్న చేతి నేర్పు నాకుంటే ఈ గతి పట్టేదా?

2,508వ రోజు, మొదటి షిఫ్టు

సార్ పెట్టె ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కానీ ఒక ప్రశ్న వేశాడు. కరెంటు పని చదివిన బుర్ర కదా, తీగ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

"పదకొండుకు పదకొండు వెలగలేదనుకో. మనుషులు మంచిగున్నట్టా, మిషను చచ్చినట్టా? ఏడేండ్ల పాత పెట్టె అది."

నిజమే. వెలగాల్సింది ఒకటి వెలిగితేనే, వెలగనివాటిని నమ్మేది. తప్పకుండా 'ఉంది' అని వచ్చేది ఒకటి దాంతోపాటు పెట్టాలి. నా దగ్గర నకళ్లు సీసాల కొద్దీ ఉన్నాయి. కానీ ఆ సీసా కిందికి దింపితే ఆ చోటూ మైలపడుతుంది.

చాలాసేపు ఆలోచించి, నా ముక్కు పట్టుకున్నాను. ఏడేళ్లుగా ఆ గదిలో గాలి పీలుస్తున్న ముక్కు. దీన్ని ఎవరూ ఒక్కసారీ పరీక్ష చేయలేదు. చేసే మనిషికి చేసేవాళ్లు ఎవరున్నారు గనక? నా పుల్ల ఒక్కటి, సీలు చేసిన కవర్‌లో పంపితే, వాళ్ల పదకొండు, ఉత్త నీళ్లది ఒకటి, ఆ పన్నెండు ట్యూబులకూ మూతలు బిగించాక ఆఖర్న తెరిస్తే, ఎవరికీ అంటదు.

"నీకు 'ఉంది' అని వస్తే?" అన్నాడు సార్.

"అది నకలే సార్, జ్వరం కాదు."

"నాకు తెలుసు. జనానికి?" తల దించుకున్నాడు. "ఆ పరీక్ష నమ్మి పదకొండు మందిని పైకి తెమ్మంటే, అదే పరీక్ష నిన్ను ఉందన్నది నమ్మకుండ ఎట్లుంటరు? నిన్ను ఇడిచిపెట్టలేను సుగుణా. మూడో లెవెల్ మునిగినా, దాని నెత్తి మీద పాత మందుగుండు గది ఉన్నది. పొడిగనే ఉంటది. ఒక్క మనిషి పట్టేంత."

మనిషి మంచివాడే. అందుకే ఆ మాట ఇంకా బరువుగా అనిపించింది. సరే అన్నాను. సరే అనక ఏం చేస్తాను?

2,509వ రోజు, మొదటి షిఫ్టు

లిఫ్టు నడిపే ఓదెలు పెట్టె తీసుకెళ్లాడు. ల్యాబు అంటే చచ్చేంత భయం అతనికి, ఏడేళ్లలో గడప తొక్కలేదు. అతని పిరికితనానికి ఇవాళ దండం పెట్టుకున్నాను. నా పుల్ల ముందే కవర్‌లో పెట్టి, కవర్‌ను ఇంకో కవర్‌లో పెట్టి, పొడవాటి పట్టకారుతో అందించాను. పద్ధతి ప్రకారం పైన పేరు రాసి ఉంది.

రోజంతా ఫోన్‌లో అక్కకు నేర్పాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయట. బల్ల మీద బల్ల వేసి, దాని మీద కూర్చుని చేస్తోంది.

"పిప్పెట్టు మెల్లగ వదులక్కా. బుడగ రావద్దు."

"నువ్వు ఒర్రకే. రెండొందల మందికి అందాజగ ఉప్పేసిన చెయ్యి ఇది."

"ఇది అందాజ కాదు, గీత దాకనే పట్టాలె."

"గీత దాకనే పట్టిన. మల్ల ఏంది?"

మూడు గంటలు గ్లాసులో ఉత్త నీళ్లతో సాధన చేయించాను. ఒక్క బుడగ రాలేదట. ఏడేళ్లు చేసిన నాకు ఇప్పటికీ వస్తాయి. ఆ సంగతి చెబితే విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఆమె, ఫోను పట్టుకుని నేను, చిన్నప్పుడు నవ్వుకున్నట్టు నవ్వుకున్నాం.

పదమూడో ట్యూబు అందరికంటే ఆఖర్న పెట్టమన్నాను. "నీ పుల్ల ఎందుకే?" అని అడిగింది. అందరితోపాటు నాదీ చూద్దామని అన్నాను. అది వెలిగి తీరాలని చెప్పలేదు. చెబితే ఆ కవరు నీళ్లలో పారేసేది. నా అక్క సంగతి నాకు తెలుసు.

2,510వ రోజు, మొదటి షిఫ్టు

ఫలితం ఫోన్ స్పీకర్‌లో విన్నాం. ఆఫీసులో నేను, నరహరి సార్, ఓదెలు. నాకు మసక ఉందని రావాలని ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఇలాంటి మొక్కు ఇంకెవరైనా మొక్కి ఉంటారా?

అక్క గొంతు నిదానంగా వచ్చింది. "ఒకటి, లేదు. రెండు, లేదు." ఒక్కో పేరూ చదువుతోంది. కింద ఎవరో ఏడుస్తున్న చప్పుడు. "పది, లేదు. పదకొండు నాది. లేదే సుగుణా! నాకు లేదు!" నేను బల్ల పట్టుకున్నాను. "పన్నెండు, ఉత్త నీళ్లు. లేదు."

అక్కడితో ఆపేసింది.

"పదమూడు చదువక్కా."

"లేదు" అంది.

సార్ ముఖం మాడిపోయింది. "పదమూడుకు పదమూడు లేవంటే మిషను చచ్చింది" అని ఫోన్ పెట్టేయబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అక్క అబద్ధమాడేటప్పుడు మాట చివర్న ఊపిరి బిగబడుతుంది. యాభై ఏళ్లుగా వింటున్నాను.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. చూసింది చూసినట్టు చెప్పు."

"చెప్తే నిన్ను ఏం జేస్తరో నాకెరుక లేదా?"

"అది వెలగకుంటే మిగిలినయన్నీ చెల్లవక్కా. మీరంత అక్కడనే మునుగుతరు. అందుకే పంపిన."

అక్క కాలితో నీళ్లు తన్నిన చప్పుడు వినిపించింది. తర్వాత అంది, "ముందుగాల ఎందుకు చెప్పలేదే, దొంగ మొఖమా?"

"చెప్తే పారేద్దువు."

"పారేద్దును." మళ్లీ తనే అడిగింది. "నా పేరు ముంగట రాసిననాడు ఏడ్చినవా?"

"ఏడ్చిన."

"చూసిందే రాసినవా?"

"చూసిందే రాసిన."

"మరి నేను గూడ చూసిందే చెప్త." ఈసారి పేరుతో సహా చదివింది. "పదమూడు, సుగుణ. ఉంది. పచ్చగ ఉంది. మంచిగ వెలుగుతున్నదే చెల్లే, ఏం చేయను?"

సార్ వెంటనే ఓదెలును దింపాడు. లిఫ్టు అద్దంలోంచి చూసి అతను కిందినుంచే అరిచింది ఫోన్‌లో వినిపించింది. "పన్నెండు చీకటి సార్! ఒక్కటే పచ్చగ!"

మాట ఇచ్చినట్టే నరహరి సార్ తనే దిగి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తెచ్చాడు. నేను చూడలేదు. అప్పటికే ఇంకో గదిలో నాకు గుండు గీస్తున్నారు.

2,518వ రోజు, మొదటి షిఫ్టు

మందుగుండు గది ఆరడుగులు, ఎనిమిదడుగులు. ఇనుప తలుపు, దాంట్లో పళ్లెం పట్టేంత కంత. రాసుకోవడానికి సార్ కొత్త పుస్తకం ఇప్పించాడు. మూడో లెవెల్ కప్పు దాకా మునిగింది, నేల కింద నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. మొదటి రెండు రోజులు తలుపు బాదాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఎవరైనా బాదుతారు. ఈ నకళ్లు నా ముక్కు వదిలి ఎప్పుడు పోతాయో నాకూ తెలియదు. అక్క ముక్కులోంచి పోయాయని తెలుసు, ఎన్నాళ్లకు పోయాయో తెలియదు.

పరీక్ష పని ఇప్పుడు అక్కది. జ్వరం వచ్చినవాళ్లకు తప్ప పరీక్ష చేయొద్దని, వాడిన ట్యూబు మూత తీయకుండా పూడ్చేయాలని సార్ ఆర్డరు రాశాడు. ఇవాళ అక్క కంత దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి చూపించింది. పదహారులో పదమూడు అయిపోగా మిగిలిన మూడు కొత్త ట్యూబులు. నేను బయటికి రావాలంటే మూడు 'లేదు'లు కావాలి. సరిగ్గా మూడే ఉన్నాయి. ఒక్కటి వెలిగినా ఇక లెక్క కుదరదు.

"సార్‌ను అడిగిన. ఈ మూడు నీకేనన్నడు. ముక్కు చూపెట్టు, ఒకటి ఇయ్యాల పెడుత" అంది.

"వద్దక్కా. వెలుగుతది."

"మరి ఎప్పుడు పెట్టాలె?"

"నువ్వు కింద ఎన్ని నెలలున్నవ్?"

ఆమెకు అర్థమైంది. కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టబోయి, నేను వెనక్కి జరగడం చూసి ఆగిపోయింది. కాసేపటికి, "పద్నాలుగు" అంది.

"పదిహేనో నెలల రా" అన్నాను.

ఆమె ట్యూబులను మళ్లీ కొంగున ముడేసుకుని, తలుపుకు అటువైపు నేల మీద కూర్చుంది. షిఫ్టు సైరన్ మోగినా లేవలేదు.